బావురుపిల్లి టీచరమ్మ

ఆ రోజు కూడా బొమ్మకి మొహం రాలేదు.

నల్లగుడ్డ తెరకి ఇవతల కూర్చుని ఉంది నూకరత్నం. తెర అడుగున కోసిన కంతలోంచి ఆమె కుడిచెయ్యి అవతలి బల్ల మీదికి వెళ్ళింది. ఆ చేతికి మోచేతి దాకా పల్చటి తొడుగు. తొడుగు లోపలి సన్నటి వెండి తీగలు చీమలు పాకినట్టు చురుక్కుమంటున్నాయి. వేళ్ళు వాటంతటవే కలం పట్టుకున్నాయి, వాటంతటవే కదిలాయి. చీర కుచ్చిళ్ళు గీసేటప్పుడు మణికట్టు కిందికి జారే తీరు ఇప్పుడు ఆమెకి బాగా తెలుసు. తోక గీసేటప్పుడు మోచెయ్యి ఒక్క ఊపున పక్కకి వెళ్ళే తీరూ తెలుసు. అవేవీ ఆమెవి కావు. నలభై ఏళ్ళు దాటిన జీవితంలో ఆమె ఒక్క పిల్లిని కూడా పిల్లిలా గీయలేదు. ఆ కదలికలన్నీ చెల్లెలు హిమజవి. హిమజ పోయి ఏడాది కావస్తోంది.

తోక అయింది. చంకలో పేపర్ల కట్ట అయింది. మెడ అయింది. తలకి గుండ్రంగా ఒక గీత పడింది. అక్కడ కలం పైకి లేచి, తీగల చురుకు చల్లారిపోయింది.

"తీసేయండి మేడమ్ చెయ్యి," అన్నాడు తెర అవతల నుంచి డాక్టర్ రఘునందన్. ఆ గొంతు వింటేనే సంగతి అర్థమైపోయింది.

"వచ్చిందా?"

"లేదు మేడమ్. మళ్ళ అక్కడనే ఆగింది."

నూకరత్నం లేచి తెర చుట్టూ తిరిగి వెళ్ళింది. తెల్లకాగితం మీద నేత చీర కట్టుకుని, ఒక చంకలో జవాబు పత్రాల కట్ట, రెండో చేతిలో ఎర్రకలం పట్టుకుని ఒక బావురుపిల్లి రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది. చీర వెనకనుంచి మచ్చల తోక బయటికి వచ్చింది. జాకెట్టు చేతి అంచు దగ్గర బొచ్చు కొద్దిగా పైకి లేచి ఉంది. కాలివేలికి మట్టె లేదు, చెప్పు తెగితే వేసిన పిన్నీసు ఉంది. అన్నీ ఉన్నాయి. తల మాత్రం బోర్లించిన కుండలా ఉంది. కళ్ళు లేవు, మూతి లేదు, చెవులు కూడా లేవు.

ఇలాంటి బొమ్మల్ని జపాన్ వాళ్ళు కెమోనో అంటారని హిమజ ఒకసారి చెప్పింది. మొహం, తోక జంతువువి, బతుకు మనిషిది. అవి బట్టలు కట్టుకుంటాయి, బస్సు కోసం పరిగెడతాయి, జీతం రాలేదని దిగులు పడతాయి. హిమజ ఆ బొమ్మల్ని నెట్‌లో చూసి నేర్చుకుంది. నేర్చుకున్నాక వాటిని భీమిలికి తీసుకొచ్చేసింది. ముంగిస సిటీబస్సు కండక్టరయింది. నీటికుక్క జాలరి వల బాగుచేసుకుంటూ కూర్చుంది. వాటి కోసం వారం వారం ఎదురుచూసే పాఠకులు తయారయ్యారు. వాళ్ళలో కొందరు జపాన్ వాళ్ళు.

"మొహం అబద్ధమాడచ్చక్కా, చెవి ఆడదు," అనేది హిమజ. "పిల్లిని చూడు, కళ్ళు మూసుకుని పడుకుంటుంది, చెవి మాత్రం వంటింటి వైపు తిరిగుంటుంది. అందుకే కళ్ళ తరవాత చెవులు. చెవులే ఆఖరు."

హిమజ కండరాలు ఒక్కొక్కటే సడలిపోయే జబ్బుతో పోయింది. జబ్బు పేరు తెలిసిన నెలలోనే తనంతట తానే విశాఖపట్నంలోని ఈ ప్రయోగశాలకి వెళ్ళింది. చేనేత పనివాళ్ళ చేతుల్లోని ఒడుపు వాళ్ళతోనే పోకుండా దాచిపెట్టాలని వీళ్ళు ఈ తొడుగు తయారుచేస్తున్నారు. పనిచేస్తున్న చేతికి తొడిగితే అందులోని ప్రతి కండరం కదలికనీ పట్టుకుంటుంది. తరవాత మరొకరి చేతికి తొడిగితే ఆ కదలికల్ని తిరిగి ఆడిస్తుంది. రెండో చేతి ఎముకల పొడవు మొదటి చేతికి సరిపోవాలి. ఆ చెయ్యి మనిషి మాట వినకూడదు. చూస్తే మనసు అడ్డుపడుతుంది. అందుకని ఆ తెర.

"నా చెయ్యి పోకముందే దాచేయండి సార్," అందట హిమజ. దాచారు. కొలిచి చూస్తే సరిపోయిన చెయ్యి నూకరత్నానిది ఒక్కటే.

"మేడమ్, ఇంక ఆలస్యం చేయలేం," అన్నాడు రఘునందన్. వరంగల్ మనిషి. మంచివాడే, నిద్రలేని కళ్ళు. "పెద్దోళ్ళంతా వచ్చే ప్రదర్శన దగ్గరికొచ్చింది. మొహం లేని బొమ్మ ఎట్ల పెడతం? మీ చెల్లె పాత బొమ్మలన్నీ కంప్యూటర్‌కి ఇచ్చినం. అది మొహం తయారుచేసింది. ఒక్కసారి చూడుండ్రి."

కంప్యూటర్ తెర మీద బావురుపిల్లికి మొహం వచ్చింది. పెద్ద పెద్ద కళ్ళు, కళ్ళలో చుక్కలంత మెరుపు, బుగ్గల మీద గులాబీ రంగు, చిన్న నవ్వు, నిక్కబొడుచుకున్న చెవులు.

నూకరత్నం చాలాసేపు చూసింది.

"ఇదెవరండీ?"

"మీరే గదా మేడమ్. మీ చెల్లె మిమ్మల్నే గీసింది."

"నేను ఇలా నవ్వగా మీరెప్పుడైనా చూశారా?"

రఘునందన్ ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "ఏం చేయమంటరు? తల గీత తరవాత ఆమె చెయ్యి పట్టు తప్పింది. చాలాసేపు ఆగింది. ఆగి మళ్ళ మొదలుపెట్టింది గానీ, అది బొమ్మ కాదు."

"మిగతాది ఉందా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీకు బాధని చెప్పలే."

ఆమె అడిగితే చూపించాడు. బావురుపిల్లి పాదాల మీద, చీర అంచు మీద, తెగిన చెప్పు మీద అడ్డదిడ్డంగా గీతలు. వణుకుతున్న సున్నాలు, సగంలో ఆగిన కొక్కేలు. ఒకదాని మీద ఒకటి చిక్కుపడ్డ దారంలా ఉన్నాయి.

"ఇది కూడా అంచనానే మేడమ్. కండరం ఇచ్చిన సంకేతం సరైన గీత కావాలంటే నిజం చెయ్యి కావాలె. కానీ దీన్ని మీ చేతితో ఆడించలే. సంకేతం చాలా బలహీనం, కరెంటు పెంచాలె. చెత్త గీతల కోసం మీ చెయ్యి పాడుచేసుకోవడం ఎందుకు?"

నూకరత్నం తల తిప్పేసుకుంది. చెల్లెలి చెయ్యి ఆఖరికి అలా అయిపోయిందన్నమాట. ఆ చేతికి ఓనమాలు దిద్దించింది తనే. నాలుగేళ్ళ హిమజని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ చిన్న పిడికిలి మీద తన చెయ్యి వేసి, పలక మీద అక్షరం వెంట నడిపించింది. ఇప్పుడు ఆ చెయ్యి తన చేతిని నడిపిస్తోంది. మొహం దగ్గరికి వచ్చేసరికి వదిలేసి వెళ్ళిపోతోంది.

"కంప్యూటర్ మొహం వద్దు," అంది. "నేను మళ్ళీ వస్తాను."

"వచ్చి ఏం చేస్తరు మేడమ్?"

ఆమె సంచీ భుజాన వేసుకుని బస్సుకి బయల్దేరింది.

*

మర్నాడు తొమ్మిదో తరగతిలో గుండె పాఠం.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నూకరత్నం జీవశాస్త్రం చెబుతుంది. బొమ్మ వేయడం రాదన్న మాట ఎంత నిజమో, బోర్డు మీద ఆమె రాత అచ్చు వేసినట్టు ఉంటుందన్నదీ అంత నిజం. నోటీసు బోర్డు మీద ఏం రాయాలన్నా హెడ్మాస్టరు ఆమెకే సుద్దముక్క ఇచ్చేవాడు. ఈ మధ్య ఇవ్వడం మానేశాడు. కారణం ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆమె రాసిన 'క'లో తలకట్టు పైకి లేచి కొసదేలుతోంది. 'త' తోక వంకర తిరిగి పక్క అక్షరాన్ని చుట్టుకుంటోంది. ప్రయోగశాలకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువవుతోంది.

ఆ రోజు బోర్డు మీద గుండె మాత్రం అద్భుతంగా వచ్చింది. ధమని, సిర, గోడల మందం, అన్నీ. వెనక బెంచీలో కిసుక్కుమని నవ్వారు.

"ఎవర్రా అది?"

"టీచర్, గుండెకి చెవులొచ్చాయండీ," అన్నాడు ధనుంజయ.

"చెవులు కాదురా, కర్ణికలు. పాఠం వినకపోతే అలాగే కనబడతాయి."

"కర్ణికలు కాదండీ. పిల్లి చెవులండీ. బొచ్చు కూడా ఉందండీ."

క్లాసంతా గొల్లుమంది. నూకరత్నం వెనక్కి జరిగి చూసింది. నిజమే. కర్ణికల పైన రెండు చెవులు, లోపలి వైపు సన్నటి బొచ్చు గీతలు. చెయ్యి ఎప్పుడు వేసిందో ఆమెకి తెలియదు. మొహానికి రాని చెవులు గుండెకి వచ్చాయి. అవసరమైన చోట మొరాయించిన చెయ్యి, ఇక్కడ పిల్లల ముందు పరువు తీస్తోంది. ఆమె డస్టరు తీసుకుని గట్టిగా చెరిపింది. చెరిపిన చోట మళ్ళీ గీయబోయి, చేతిమీద నమ్మకం లేక సుద్దముక్క కింద పెట్టేసింది.

"పుస్తకంలో ఉన్నది చూసి వేసుకోండి," అంది.

"ఆ చెవులే బాగున్నాయి టీచర్," అంది ముందు బెంచీలోంచి ఒక పిల్ల, మెల్లగా, నిజంగానే.

ఆమె విననట్టు పుస్తకం తెరిచింది.

*

ఇంట్లో తల్లి అప్పలనర్సమ్మ అటుకుల చాట ముందేసుకుని కూర్చుంది.

"ఇయ్యాల కూడా ఆ తొడుగు కాడికెళ్ళొచ్చావేటే?"

"ఇవాళ బడికే వెళ్ళానమ్మా. ప్రయోగశాలకి నిన్న."

"ఏదైతేనేటి. నీ మొకం చూత్తే తెలీటం లేదా? దాని చెయ్యి దాంతోనే పోనీకుండా నువ్వు తగిలించుకుని తిరుగుతున్నావు. నిన్న గుమ్మంలో ముగ్గేత్తే ఏటొచ్చింది? తోకలొచ్చాయి. పక్కింటోళ్ళు నవ్వుతున్నారు."

"నవ్వనీ."

"నవ్వుతే నవ్వారు గానీ, రేపు నీ చెయ్యి నీ మాట ఇనకపోతే పేపర్లెవలు దిద్దుతారు? నీ ఉద్దోగమెలగ?" తల్లి చాట పక్కన పెట్టింది. "అయినా ఆ బొమ్మలో అంతలా ఏటుందే?"

చెప్పడం మొదలుపెడితే ఎక్కడిదాకా పోతుందో నూకరత్నానికి తెలియదు.

"అది నన్ను వేసిందమ్మా. ఆఖరి బొమ్మ. నా మొహం ఎలా వేసిందో చూడాలి."

"ఎలగేత్తాది? నీకున్న మొకమే ఏత్తాది."

"అదే ఏంటో చూడాలి."

తల్లి చాట మళ్ళీ ముందుకి లాక్కుని, "అందమైన జంతువొకటి దొరకలేదేటి దానికి? చెరువుల కాడ చేపలెత్తుకుపోయే పిల్లిని చేసింది నిన్ను," అంది.

నూకరత్నానికి ఆ మాటకి నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగింది. అదే మాట తల్లి అప్పుడూ అంది, హిమజ మంచం మీద ఉండగా. "నీళ్ళంటే భయపడని పిల్లి అదొక్కటేనమ్మా," అంది హిమజ. తండ్రి జూట్ మిల్లులో పోయినప్పుడు నూకరత్నానికి పద్దెనిమిది. ఆ తరవాత ఇంటికి కావలసిందల్లా ఆమే దూకి తెచ్చింది. హిమజ ఆ సంగతి ఎప్పుడూ పైకి అనలేదు. బావురుపిల్లిని వేసింది, అంతే.

ఆఖరి రోజుల్లో హిమజ కలం పట్టుకోలేకపోయింది. పట్టుకున్నా నొక్కలేకపోయింది. మంచం మీద దిండ్లకి ఆనుకుని, ఒళ్ళో పరీక్ష అట్ట పెట్టుకుని, దాని మీద తెల్లకాగితం, చేతికి తొడుగు. వేళ్ళు కదిలీ కదలనట్టు కదిలేవి. కాగితం మీద గీత పడేది కాదు. కండరం ఏం చేయాలనుకుందో తొడుగు మాత్రం పట్టుకునేది.

"నువ్వు కదలకుండా కూర్చుని నన్ను చూడక్కర్లేదక్కా," అనేది. "ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుని పేపర్లు దిద్దుకో. నాకు అలాగే కావాలి."

నూకరత్నం అలాగే ఎదురుగా పీట వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని యూనిట్ టెస్టు పేపర్లు దిద్దింది. మధ్యలో మంచినీళ్ళు అడిగితే ఇచ్చింది. దిండు జారితే సర్దింది. కాళ్ళ మీద దుప్పటి లాగింది. కాగితం వైపు చూస్తే ఏముంది, తెలుపు. అటు చూడాలంటే భయం వేసేది. పేపర్లలోకి తల దించుకుంటే కాస్త నయంగా ఉండేది. అందుకే ఆ మొహం చూడాలని ఆమెకింత పట్టుదల. తల దించుకుని కూర్చున్న తనలో, ఎదురుగా ఉన్న చెల్లెలికి ఏం కనిపించిందో ఆమెకి తెలియదు.

*

హిమజ పోయి ఏడాది నిండిన రోజు పెద్ద తంతేమీ పెట్టుకోలేదు. అప్పలనర్సమ్మ పొద్దున్నే లేచి, కూతురికి ఇష్టమైనవి వండింది. ముద్దపప్పు, వంజరం చేపల పులుసు, సేమ్యా పాయసం. ముందుగదిలో గోడకి ఆనించి పీట మీద ఫోటో పెట్టారు. ఫోటోలో హిమజ తల వెనక్కి వేసి నవ్వుతోంది. ముంగిస కండక్టరు బొమ్మని బస్సు కంపెనీవాళ్ళు పోస్టరు మీద వేసిన రోజు తీసిన ఫోటో అది.

నూకరత్నం ఫోటో ముందు అరిటాకు వేసి, నీళ్ళు చిలకరించి తుడిచింది. ఫోటోకి ఎదురుగా కూర్చుని వడ్డించడం మొదలుపెట్టింది. అన్నం పెట్టింది, పప్పు వేసింది. పులుసు గిన్నె అందుకోబోతుంటే తల్లి వెనక నుంచి వచ్చింది.

"అదేటే, ఆకు కొస అటు పెట్టావు?"

"ఎడంవైపే పెట్టానమ్మా."

"నీ ఎడమవైపు పెట్టుకున్నావు. తినేది నువ్వా, అదా? అది అటు కూకుంది. దాని ఎడమవైపుకి రావాల కొస. తిప్పీ."

"వడ్డించేశాను కదమ్మా."

"ఒడ్డించేత్తే? ఎదరోళ్ళకి పెట్టినప్పుడు ఎదరోళ్ళవైపు తిప్పి పెట్టాల. మెల్లిగ తిప్పీ, పప్పు కారకుండా."

నూకరత్నం ఆకు రెండు అంచులూ అరచేతులతో పట్టుకుంది. ఒలకకుండా, నేల మీద జరుపుతూ, తనవైపు ఉన్నది చెల్లెలి వైపు వెళ్ళేలా మెల్లగా తిప్పింది.

సగంలో ఆమె చేతులు ఆగిపోయాయి.

ఈ తిప్పడం ఆ చేతులకి తెలుసు. ఇదే బరువు, ఇదే జాగ్రత్త, ఎదురుగా ఇదే మనిషి. పరీక్ష అట్ట.

*అక్కా, అట్ట తిప్పవా? నీ వైపుకి.*

ఆ ఆఖరి బొమ్మ వేస్తూ హిమజ అడిగింది. నూకరత్నం ఎర్రకలం చెవి మీద పెట్టుకుని, ముందుకి వంగి, చెల్లెలి ఒళ్ళో అట్టని అటుది ఇటు వచ్చేలా తిప్పింది. నీళ్ళివ్వడంలా, దిండు సర్దడంలా అదీ ఒక పని. కాగితం మీద ఏమీ లేదు కాబట్టి ఎందుకని అడగాలని కూడా తోచలేదు. తిప్పి మళ్ళీ పేపర్లు దిద్దుకుంది.

చిన్నప్పటినుంచీ హిమజకి అదే అలవాటు. ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. ఒకవైపు అక్క పేపర్లు దిద్దుతుంటే రెండోవైపు కూర్చుని బొమ్మ వేసేది. ఒళ్ళంతా వేసి, మొహం దగ్గరికి వచ్చాక కాగితాన్ని అక్కవైపు తిప్పేసి, తనవైపు నుంచి తలకిందులుగా మొహం గీసేది. ఎదురుగా ఉన్నవాళ్ళకి కళ్ళు ముందు తెరుచుకోవాలట. తరవాత్తరవాత కంప్యూటర్ వచ్చాక, పలక లాంటి దాని మీద వేయడం మొదలుపెట్టాక, అక్కకి చూపించడం తగ్గిపోయింది. ఆ అలవాటు ఉండేదన్న సంగతే నూకరత్నం మరిచిపోయింది.

"ఏటే, సగంలో వొదిలేశావు?" అంది తల్లి.

నూకరత్నం ఆకు పూర్తిగా తిప్పింది. పులుసు వడ్డించింది. పాయసం పెట్టింది. చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుంది.

"నువ్వు తినెయ్యమ్మా. నేను విశాఖపట్నం వెళ్ళొస్తాను."

"ఇయ్యాలా? అన్నం తినకుండానా?" తల్లి గుమ్మం దాకా వచ్చింది. కూతురి మొహం చూసి ఏమనుకుందో, తలుపు పట్టుకుని నిలబడింది.

*

రఘునందన్ విని నుదురు పట్టుకున్నాడు.

"కాగితం తిప్పిందా?"

"తిప్పింది నేనండీ. మీ తొడుగు చేతిని పట్టుకుంది గానీ కాగితాన్ని పట్టుకోలేదు. తల గీత అయ్యాక చాలాసేపు ఆగిందన్నారే, అప్పుడే తిప్పాను. అది పాదాల మీద పడ్డ చెత్త కాదు. తల అప్పుడు అక్కడికి వచ్చింది."

అతను బల్ల దగ్గరికి వెళ్ళి ఆ చిక్కుదారం లాంటి గీతల్ని కంప్యూటర్ తెర మీద తలకిందులు చేసి, తల మీదికి జరిపాడు. వణుకుతున్న రెండు వంపులు దాదాపు కళ్ళు ఉండాల్సిన చోట పడ్డాయి. దాదాపు. ఏది కన్ను, ఏది బొచ్చు అన్నది మాత్రం తేలలేదు.

"అబ్బ," అన్నాడు మెల్లగా. కుర్చీలో కూలబడ్డాడు. "మూడు నెలలు మేడమ్. మూడు నెలలు మేం దీన్ని చెత్త అనుకున్నం." కాసేపటికి తేరుకున్నాడు. "కానీ తెర మీద ఇంతకన్న తెలవదు. చేతితోనే ఆడించాలె. కరెంటు ఇంతకు ముందుకంటే చాలా పెంచాలె."

"పెంచండి."

"ఊకె పెంచుడు కాదు మేడమ్. ఇప్పటికే మీ రాత మారిపోతుందని మీరే అన్నరు. ఇప్పటిదాకా అయింది కొన్నాళ్ళకు సర్దుకుంటది. ఇది సర్దుకోదు. మీ చెయ్యి మీ రాతను మళ్ళ గుర్తు తెచ్చుకోకపోవచ్చు. పాతికేళ్ళ నుంచి టీచరు మీరు. బోర్డు మీద ఏం రాస్తరు?"

"ఏదొస్తే అది రాస్తాను."

"మేడమ్..."

"డాక్టరు గారూ," అంది నూకరత్నం. ఆమె గొంతు పెరగలేదు. ప్రతి మాటా విడివిడిగా వచ్చింది. "మూడు నెలలుగా మీరు నా చేతితో తోక వేయించారు, చెప్పు వేయించారు, చెప్పుకి పిన్నీసు కూడా వేయించారు. నాకు కావలసింది ఒక్కటి. అది ఉందని ఇవాళ తెలిసింది. ఉందని తెలిశాక నన్ను ఇంటికి వెళ్ళి కర్ణికలు గీసుకోమంటారా?"

అతనికి ఆ ఆఖరి మాట అర్థం కాలేదు. అయినా లేచి తొడుగు తెచ్చాడు.

తెరకి ఇవతల ఆమె కళ్ళు మూసుకుంది. ఒళ్ళంతా గీయడం మామూలుగానే సాగింది. తల గుండ్రం అయ్యాక కలం లేచింది. "ఇప్పుడు," అంది. అవతల కాగితం బల్ల మీద జరిగిన చప్పుడు వినబడింది.

అప్పుడు నొప్పి వచ్చింది. ఎముక పక్కన తీగ కాల్చి పెట్టినట్టు. పళ్ళు బిగపట్టింది. ఆ నొప్పి లోపల చాలా మెల్లగా, ఎంతో ఓపిగ్గా ఏదో కదులుతోంది. కొద్దిగా వెళ్ళి ఆగుతోంది. ఊపిరి తీసుకుని మళ్ళీ వెళుతోంది. ఆఖరి రోజుల్లో హిమజ నీళ్ళ గ్లాసుకేసి చెయ్యి చాచేటప్పుడు ఇలాగే ఆగి ఆగి చాచేది. చెయ్యి పట్టు తప్పలేదు. ఎక్కడికి వెళ్ళాలో ఆ చేతికి తెలుసు. వెళ్ళడానికే కష్టపడింది.

ఆఖరున ఎడమవైపు ఒక వంపు. వంపు లోపల చిన్న చిన్న గీతలు. కలం లేచింది.

తెర అవతల రఘునందన్ కాగితం ఎత్తి చూసిన చప్పుడయింది. "మేడమ్, పిల్లి కళ్ళు మూసుకుంది," అన్నాడు. అతని గొంతులో నిరాశ.

ఆమె లేచి వెళ్ళి చూసింది.

కళ్ళు మూసుకోలేదు. దించుకుని ఉన్నాయి. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల వెనక రెప్పలు చంకలోని పేపర్ల వైపు వాలి ఉన్నాయి. నవ్వు లేదు. మూతి బిగించి ఉంది, నూకరత్నం తప్పు జవాబులు చూసినప్పుడు బిగించినట్టే. కుడి చెవి కూడా పేపర్ల వైపే ఉంది.

ఎడమ చెవి మాత్రం అటు లేదు. అది పూర్తిగా, మొదలు నుంచీ ముందుకి తిరిగిపోయి, బొమ్మ గీస్తున్న మనిషి వైపు ఉంది. ఎదురుగా ఉన్నవాళ్ళు ఊపిరి తీసినా వినబడేటంత దగ్గరగా తిరిగి ఉంది.

"ప్రదర్శనకి ఇది పనికొస్తదంటరా?" అన్నాడు రఘునందన్. "ఈ రకం బొమ్మలకు కళ్ళే ప్రాణం గదా. ఇట్ల దించుకుంటే చూసేటోళ్ళకు ఏం తెలుస్తది?"

"మీ కంప్యూటర్ మొహమే పెట్టుకోండి."

"మీరు వద్దన్నరు గదా?"

"ఇప్పుడు పెట్టుకోండి." ఆమె కాగితం తీసుకుని గుండ్రంగా చుట్టబోయింది. వేళ్ళు మాట వినలేదు. అతనే చుట్టి ఇచ్చాడు.

*

ఇంటికి వచ్చేసరికి ఫోటో ముందు ఆకు అలాగే ఉంది. అప్పలనర్సమ్మ అన్నం తినకుండా బల్ల దగ్గర కూర్చుని ఉంది.

నూకరత్నం ఎదురుగా కూర్చుని కాగితం విప్పింది. విప్పి, తల్లివైపు తిప్పి పెట్టింది.

తల్లి కళ్ళు చికిలించి చూసింది. చీర చూసింది, చెప్పుకి ఉన్న పిన్నీసు చూసి నాలుక చప్పరించింది. మొహం దగ్గరికి వచ్చి ఆగింది. వేలు చాచి ఎడమ చెవిని తాకబోయి, చెరిగిపోతుందనుకుందేమో, తీసేసుకుంది.

"నువ్వే," అంది. "చిన్నప్పట్నించీ ఇంతే. పిలిత్తే పలకవు. అన్నీ ఇంటావు."

నూకరత్నం తల దించుకునే ఉంది. బల్ల మీద బడి నుంచి తెచ్చిన పేపర్ల కట్ట ఉంది. పైది ధనుంజయది. ఎర్రకలం తీసుకుని, మొదటి జవాబు పక్కన సరి అని పెట్టబోయింది. చెయ్యి తనకి తోచినట్టు పోయి, ఆ గుర్తు కొసన చిన్న తోక పెట్టింది. ఆమె దాన్ని కొట్టేయబోయి ఆగింది.

"అన్నం పెట్టనా?" అంది తల్లి.

"పెట్టమ్మా," అని, తరవాతి జవాబు పక్కన కలం పెట్టింది.